మీసం గుర్తు

మాట్ విసిరిన టీ కప్పు ఏసుదాసు భుజానికి తగిలి, ప్లాస్టిక్ గౌను మీదుగా జారి కింద పడింది. టీ గోరువెచ్చగానే ఉంది కాబట్టి ఒళ్లు కాలలేదు. అయినా ఏసుదాసు కదల్లేక అక్కడే నిలబడిపోయాడు. రెండేళ్లుగా రోజూ పొద్దున్నే తనతో గడ్డం గీయించుకున్న మనిషి, తను తినిపిస్తే తప్ప స్పూను నోట పెట్టని మనిషి, ఇవాళ మంచం మీద గోడవైపు నక్కి కూర్చుని, బయటికి పొమ్మంటున్నాడు. పోకపోతే గార్డుల్ని, అంటే పోలీసుల్ని, పిలుస్తానంటున్నాడు.

అది 2020 ఏప్రిల్ మొదటివారం. ఐర్లండ్‌లోని డండాక్ ఊరి చివర, సముద్రం వైపు ఉన్న ఆ నర్సింగ్ హోమ్‌లోకి నెల రోజులుగా బయటివాళ్లని రానివ్వడం లేదు. లోపల పనిచేసేవాళ్లందరికీ ఆ వారమే మాస్కు, దాని మీద ముఖమంతా కప్పే ప్లాస్టిక్ తెర, మోకాళ్ల కింది దాకా గౌను వచ్చాయి. తెర మీద దీపాల వెలుగు పడి మెరుస్తుంటే లోపల ఎవరున్నారో పక్కనున్న పనివాళ్లకే తెలియడం లేదు. ఇక మాట్‌కి ఎనభై నాలుగేళ్లు. ఒకప్పుడు పశువుల బేరగాడు. జ్ఞాపకశక్తి చాలావరకు పోయింది. రెండు కళ్లలోనూ శుక్లాలు. సొంత కూతురి పేరు కూడా ఒక్కోరోజు గుర్తుండేది కాదు గానీ, ఏసుదాసుని మాత్రం చూడగానే "డాస్" అని పిలిచేవాడు.

"నేనే మాట్, డాస్‌ని," అని ఏసుదాసు చెప్పాడు. మాస్కులోంచి వచ్చిన ఆ గొంతు తనకే కొత్తగా వినిపించింది.

ఆ పూట మాట్ ఏమీ తినలేదు. మర్నాడూ అంతే. ఆ తర్వాత కూడా రోజుకి రెండు మూడు చెంచాలు, అదీ బలవంతాన.

ఏసుదాసుకి ఆ రెండు రోజులూ కాలు ఒకచోట నిలవలేదు. అసలు అయిదేళ్లుగా అతను కుదురుగా ఉన్నది తక్కువ. చీరాలలో పంతొమ్మిదేళ్లు బోర్డులు రాసిన చెయ్యి అతనిది. బట్టల కొట్లు, మందుల షాపులు, చర్చి పండగల బ్యానర్లు, ఎలక్షన్ల గోడలు, ఏదొచ్చినా రాసేవాడు. తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. కంప్యూటర్ ముందు కూర్చున్నవాడు అరగంటలో అచ్చేసి ఇచ్చేదానికి, నిచ్చెనెక్కి రెండు రోజులు రాసే మనిషి ఎవరికి కావాలి? అప్పటికే నర్సుగా పేరున్న భార్య లీలారాణికి ఐర్లండ్‌లో ఉద్యోగం వచ్చింది. ముందు ఆమె, ఏడాది తర్వాత కూతురు ప్రెయిస్‌ని తీసుకుని అతనూ వచ్చారు. ఇక్కడ ముసలివాళ్లని చూసుకునే కేరర్ కోర్సు చదివి ఈ పనిలో చేరాడు. పని మీద అతనికి చిన్నచూపు లేదు. ముసలివాళ్లంటే ప్రేమ కూడా. కానీ ఖాళీగా కూర్చుంటే వేళ్లు వాటంతటవే బల్ల మీద అక్షరాలు దిద్దేవి. కారు ఆపి సిగ్నల్ దగ్గరుంటే స్టీరింగ్ మీద దిద్దేవి. ఆ వేళ్లకి పని దొరక్క అతనికి లోపలెక్కడో ఎప్పుడూ దురదగా ఉండేది.

మేనేజర్ నోరీన్ మంచి మనిషే. కప్పు సంగతి విని, పనివాళ్లందరి ఫోటోలు తీయించి, అరచేతంత కార్డులుగా లామినేట్ చేయించి, గౌనుకి అంటించమంది. ఏసుదాసు ఫోటోలో నవ్వుతూ వచ్చాడు. మాట్ ఆ కార్డు వంక కూడా చూడలేదు. ఏసుదాసు ఆ సాయంత్రం అలాంటి కార్డునే గోడకి అంటించి, మాట్ మంచానికీ తలుపుకీ మధ్య ఉండేంత దూరం వెనక్కి నడిచి చూశాడు. గోధుమరంగు మరక కనిపించింది. అంతే.

బోర్డులవాడిగా తనే ముందు పట్టుకోవాల్సిన తప్పు ఇది అనిపించింది అతనికి. దూరం లెక్క చూసుకోకుండా ఎవడైనా బోర్డు రాస్తాడా? ప్రెయిస్ స్కూలు రంగుల పెట్టె తీసి, పెద్ద అట్ట మీద మూడు సాయంత్రాలు కూర్చుని తన ముఖాన్నే గీశాడు. బుగ్గల మీద వెలుగూ, ముక్కు పక్క నీడా, కళ్లలో తడీ, నవ్వితే పడే గీతలూ ఏదీ వదల్లేదు. చాలా రోజుల తర్వాత చేతికి తిండి దొరికినట్టయింది. ప్రెయిస్ ఆన్‌లైన్ క్లాసు మధ్యలో వచ్చి చూసి, "గ్రాండ్, డాడ్. ఇట్స్ లైక్ ఎ ఫోటో," అని వెళ్లిపోయింది. ఆ మాట పొగడ్తే అనుకున్నాడు.

ఆ బొమ్మని ఛాతీ మీద తగిలించుకుని లోపలికి వెళ్లగానే మాట్ చూశాడు. ఈసారి నిజంగానే చూశాడు. మెరిసే తెర వెనకొక తల, దానికింద జానెడు దూరంలో నవ్వుతున్న ఇంకో తల. ముసలాయన అరిచిన అరుపుకి హాలు చివర గదుల్లోవాళ్లు కూడా లేచి కూర్చున్నారు. నోరీన్ పరుగున వచ్చింది. ఆ బొమ్మ తీసేయమని మెల్లగా చెప్పింది, ఇంకోసారి తేవద్దని కూడా. ఏసుదాసు దాన్ని స్టాఫ్ గదిలో బొమ్మ వైపు గోడకి తిప్పి పెట్టాడు. ఆ రోజు అతనితో ఎవరైనా మాట్లాడితే వినిపించుకోలేదు.

పదకొండో గదిలో ఊనా అనే ఆవిడ ఉండేది. డెబ్బై తొమ్మిదేళ్లు. డిజైన్ పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. బుర్ర పాదరసం. కళ్లే చెడ్డాయి. కంటి నడిమి చూపు పోయి, ఎదురుగా ఉన్నది పొగమచ్చలా, పక్కనున్నది కాస్త తేటగా కనిపించేది. అందుకని మనిషిని చూడాలంటే ముఖం పక్కకి తిప్పేది. కొత్తవాళ్లు తమ మాట వినడం లేదనుకునేవారు. మేడం అని పిలవొద్దని ఏసుదాసుకి వందసార్లు చెప్పింది. అతనికి నోరు రాలేదు.

అరుపు ఆవిడా విన్నది. బొమ్మ తెమ్మంది. కిటికీ దగ్గర పెట్టించుకుని, ముఖం అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసింది.

"చెయ్యి బాగుంది. కానీ ఉన్నదంతా చెప్పేశావు. ఆయన ఒక్కటి పట్టుకోగలడు. నువ్వు వంద ఇచ్చావు," అంది.

అతనికి కోపం వచ్చింది. మొహం అంటే మొహంలాగే కదా గీయాలి అన్నాడు. ఆవిడ అలమరలోంచి బొత్తాల డబ్బా తీయించింది. టీ ట్రే మీద నల్ల బొత్తాలూ తెల్ల బొత్తాలూ కలిపి చల్లి, ఏం కనిపిస్తోందని అడిగింది. నల్లవి ఒక గుంపు, తెల్లవి ఒక గుంపు అన్నాడు.

"నేను గుంపులు పెట్టలేదు. నీ కన్ను పెట్టింది."

తర్వాత అన్నీ నల్లవే తీసుకుని, వేళ్లతో తడుముకుంటూ రెండేసి దగ్గరగా పేర్చింది. జంటలు కనిపించాయి. ఆ తర్వాత తొమ్మిది బొత్తాల్ని చుట్టూ పెట్టి ఒకచోట ఖాళీ వదిలింది. అతను గుండ్రం అన్నాడు.

"గుండ్రం ఎక్కడుంది? తొమ్మిది బొత్తాలున్నాయి. మిగతాది నువ్వే గీసుకున్నావు. మాట్ బుర్ర ఎంత చెడినా, కన్ను ఈ పని మానదు. దానికి పని మిగల్చు."

ఏసుదాసు ట్రే వంక చూస్తూ నిలబడిపోయాడు. చీరాలలో తనకి కుంచె పట్టడం నేర్పిన రాఘవులు సరిగ్గా ఇదే చెప్పేవాడు. ఆయన ఏ కాలేజీకీ వెళ్లలేదు. నిచ్చెన కింద బీడీ కాలుస్తూ అరిచేవాడు: "ఒరే దాసూ, బస్సులో పోయేవోడు ఆగడు. ఆడి కన్ను ఆగాల. అచ్చరం మజ్జెలో కాళీ ఉంది సూడు, అది కూడా నువ్వు రాసిందే. దాన్నొదిలేసి రంగు పూస్తన్నావేందిరా?" ఇన్నాళ్లూ దాన్ని బోర్డుల కిటుకు అనుకున్నాడు గానీ మనుషుల కళ్ల గురించి అనుకోలేదు.

"మాట్‌కి నీ మొహం మొత్తం ఎప్పుడూ తెలీదు," అంది ఊనా. "నీలో ఆయనకి తెలిసినది ఏమిటి? అది గియ్యి. మిగతాది తీసెయ్యి."

ఆ ప్రశ్న అతన్ని వదల్లేదు. ఎదుటివాళ్లు తనని దేనితో గుర్తుపడతారో ఏ మనిషికి తెలుస్తుంది? డ్యూటీ లేని రోజున లాక్‌డౌన్ పెట్టిన రెండు కిలోమీటర్ల హద్దులోనే సముద్రపు ఒడ్డున అటూ ఇటూ తిరిగాడు. దూరంగా కనిపించే మనుషుల్ని చూస్తూ, ఆడో మగో, ముసలో పడుచో తనకి ఎక్కడ ఎప్పుడు తెలుస్తోందో గమనించుకున్నాడు. ముఖాల కంటే ముందు నడక తెలిసింది, భుజాలు తెలిశాయి, చేతిలో సంచీ తెలిసింది. ఇంటికొచ్చి లీలారాణిని అడిగాడు.

అడగడమంటే తలుపు ఇవతల నుంచి. ఆమెకి ఆసుపత్రిలో కోవిడ్ వార్డు పడింది. ఇంట్లో చిన్న గదిలో వేరుగా ఉంటోంది. అన్నం పళ్లెం గుమ్మం ముందు పెట్టి జరిగితే, ఆమె తలుపు తీసి తీసుకునేది. ఆ రోజు అలసిపోయి వచ్చింది. అతను వంటింట్లోనూ మెట్ల మీదా పరిచిన అట్టముక్కలు చూసి ఆమెకి చిరాకేసింది.

"రోజంతా మొహాల్లేని మనుషుల మధ్య తిరిగొస్తన్నా. ఇంటికొస్తే మళ్లీ ఇయ్యేనా?" అంది. కాసేపటికి తలుపు వెనక నుంచే మళ్లీ మాట్లాడింది. "నిన్న ఒకాయన పోయాడండీ. నన్ను చూడనే లేదు. తెర చూశాడంతే. నేను నవ్వినా ఆయనకేం తెలుస్తది?"

అతను తలుపుకి దగ్గరగా జరిగి, తనని జనంలో దేనితో గుర్తుపడతావని అడిగాడు.

"ఏముంది, మీసం. సందు మొగలో ముందు మీసం కనిపిస్తది, ఎనకాల మీరొస్తారు. ఎడమపక్కకి ఒరిగి." నిచ్చెనల మీద బతికినవాడు కదా, ఎడమ భుజం ఎప్పుడో వాలిపోయింది. అది అతనికి తెలియదు.

మీసం మాట వినగానే ఒక్కసారిగా గుర్తొచ్చింది. గడ్డం గీయడం అయ్యాక మాట్ ప్రతిరోజూ ఒక వేలెత్తి ఏసుదాసు మీసం వైపు చూపించి, "నీదెప్పుడు తీస్తావు?" అనేవాడు. "నువ్వు పెంచితే నేను తీస్తా," అని తను. రెండేళ్లుగా రోజూ అదే పరాచికం. ఇప్పుడు మాస్కు కింద దాచేసింది దాన్నే.

ఆ మర్నాటి నుంచి మీసాలే గీశాడు. పసుపు అట్ట మీద నల్లగా, లావుగా. మొదటిది చూసి ప్రెయిస్, "దట్స్ ఎ క్రో, డాడ్," అంది. నిజమే, ఎగిరే కాకిలా ఉంది. పైన రెండు చుక్కలు పెట్టి మాట్ దగ్గరికి తీసుకెళ్లాడు. ఈసారి ఛాతీ మీద పెట్టుకోలేదు, చేత్తో పట్టుకుని తలుపు దగ్గరే ఆగాడు. ముసలాయన కళ్లు చికిలించి, తన పాత బేరాల గొంతుతో, "మంచి ఎద్దు. ఎక్కడిది?" అన్నాడు. చుక్కలు మీసానికి మరీ దగ్గరై ముక్కు రంధ్రాలైపోయాయి. చుక్కలు ఎడంగా జరిపితే మీసంతో సంబంధం తెగిపోయింది. మూడూ మూడు ముక్కలుగా కనిపించాయి. చుట్టూ గుండ్రం గీస్తే పిల్లల బొమ్మ అయింది, ఎవరి ముఖమైనా కావచ్చు. తిండి మీద ధ్యాస పోయింది. కార్న్‌ఫ్లేక్స్ డబ్బాలు, పార్సిల్ అట్టలు, దొరికినవన్నీ కత్తిరించాడు. పాత కళ్లద్దాలకి వాజిలీన్ రాసి, అవి పెట్టుకుని గది చివర నుంచి చూశాడు. మాట్ లోకం ఇలా ఉంటుందేమోనని. ఆ మసకలో సన్నగీత ఏదైనా ముందు చచ్చిపోయేది. అందమైనది కూడా చచ్చిపోయేది. అతనికి నచ్చినవన్నీ ఒకటొకటే పోతుంటే సొంత వేళ్లు కోసుకుంటున్నట్టుంది.

చివరికి మిగిలినవి మూడు గీతలు. కింద మీసం. పైన రెండు పొట్టి కనుబొమలు. కళ్లు లేవు, ముక్కు లేదు, నోరు లేదు, చుట్టూ అంచు లేదు. మూడింటినీ కలిపి కాస్త ఎడమకి ఒరిగించాడు. ఒరిగించగానే మధ్యలో ఉన్న ఉత్త పసుపు చర్మమైపోయింది. వాజిలీన్ అద్దాల్లోంచి ఆ గది చివరన తనే నిలబడి కనిపించాడు.

ఊనా దాన్ని పక్కచూపుతో చూసి, ఇక ముట్టుకోవద్దంది. తుడవడానికి వీలుగా లామినేట్ చేసి, రోజూ శుభ్రం చేస్తే పర్వాలేదని నోరీన్ ఒప్పుకుంది. కిందటి సంగతి గుర్తుండి కాబోలు, తనూ వెంట వచ్చింది.

మాట్ చాలాసేపు చూశాడు. కిటికీ అవతల సీగల్ పక్షి ఒకటి అరుస్తోంది. ముసలాయన వేలు నెమ్మదిగా దుప్పటి మీద నుంచి లేచింది.

"డాస్. ఎక్కడికి పోయావు ఇన్నాళ్లు?"

"ఎక్కడికీ పోలేదు. ఇక్కడే ఉన్నా."

"గడ్డం గియ్యి మరి. చూడు, ఎలా ఉన్నానో."

నోరీన్ ఏదో పనున్నట్టు బయటికి వెళ్లింది. ఏసుదాసు నురగ కలిపాడు. ఆ ఉదయం మాట్ పారిడ్జ్ జావ రెండు గిన్నెలు తిన్నాడు.

తర్వాత అందరూ తమకీ కావాలన్నారు. రాజమండ్రి నుంచి వచ్చిన ప్రిస్కిల్లా అనే కేరర్‌కి ఆకుపచ్చ మీద రెండు తెల్ల సున్నాలు గీశాడు, ఆమె కళ్లజోడు గుర్తుగా. వంట మనిషికి ఎర్రటి జుట్టు ముడి. పదకొండు గుర్తులు చేశాడు. ఒక్కొక్కరినీ గంటలతరబడి వెంబడించి చూసి, చూసినదంతా పారేసి, మిగిలినది గీశాడు. ఆ పది రోజులూ అతను సంతోషంగా ఉన్నాడని ఇంట్లో అనుకున్నారు గానీ, అది సంతోషం కాదు. ఏదో తరుముతున్నట్టు ఉండేది.

మే మొదట్లో జబ్బు లోపలికి వచ్చింది. ఎవరి ద్వారా వచ్చిందో తెలియదు. తెలుసుకోవాలని అందరూ లోలోపల ఒకళ్లనొకళ్లు అనుమానించుకున్నారు. మొదటి వారంలో ముగ్గురు పోయారు. రెండో విడత పరీక్షల్లో ఏసుదాసుకి పాజిటివ్ వచ్చింది. ఒంట్లో జ్వరం కూడా సరిగ్గా లేదు. వాసన మాత్రం తెలియడం లేదు. పద్నాలుగు రోజులు గదిలోంచి కదలొద్దన్నారు. చిన్న గదిలోకి అతను వెళ్తే, లీలారాణి బయటికి వచ్చింది. ఇప్పుడు పళ్లెం ఆమె పెడుతోంది.

ఆ గదిలో నాలుగడుగులు ముందుకి, నాలుగడుగులు వెనక్కి. తన వల్లే వచ్చిందేమో అన్న ఆలోచన ఒకటి. తను లేకపోతే మాట్ తింటాడా అన్నది ఇంకొకటి. మూడోరోజు ప్రిస్కిల్లా ఫోను చేసింది. మాట్‌కి పాజిటివ్ వచ్చింది. మనిషి నోరు తెరవడం లేదు. ఆమె రెండు సున్నాల గుర్తు ఆయనకి ఏమీ చెప్పడం లేదు.

"అన్నా, మీరు తప్పనుకోకపోతే ఒక మాటండి," అంది. "మీ గుర్తు కొక్కేనికి ఉంటే తుడిచి పెట్టేసుకున్నానండి. లోపలికెళ్లగానే డాస్ అన్నారు. గిన్నెడు సూప్ తాగేశారు. నేనేం మాట్లాడలేదండి. మాట్లాడితే తెలిసిపోద్దని."

పర్వాలేదు, అదే పెట్టుకో అన్నాడు. ప్రిస్కిల్లా అతని భుజానికి కూడా రాదు. సన్నటి మనిషి, నడక వేరు. ఆ పిల్ల మీద మూడు నల్లగీతలు పెడితే మాట్ మిగతాదంతా గీసుకున్నాడు. తన పొడుగు, తన చేతులు, రెండేళ్ల పొద్దుటి పూటలు, అన్నీ. అయితే తను ఎంత? ఆ మూడు గీతలంతేనా? ముసలాయన తిన్నాడన్న సంతోషం ఉంది. దాని పక్కనే, తన చోటులో ఇంకెవరో కూర్చున్నారన్న మంట కూడా ఉంది. ఆ మంటకి సిగ్గుపడ్డాడు. సిగ్గుపడినా అది పోలేదు.

తొమ్మిదోరోజు మధ్యాహ్నం మాట్ పోయాడు. ఆ సంగతి ప్రిస్కిల్లా ఏడుస్తూ చెప్పింది. చెయ్యి పట్టుకునే ఉందట. పొద్దున కాస్త తెలివి వచ్చి, వేలెత్తి గుర్తు వైపు చూపించి, నీదెప్పుడు తీస్తావు అని అడిగాడట. ఆమెకి ఆ పరాచికం తెలియదు. ఏం అడుగుతున్నాడో అర్థం కాక, ఏదో ఒకటి అనాలని, గొంతు తగ్గించి, "రేపు," అందట. ముసలాయన నవ్వాడట.

ఏసుదాసు మంచం అంచున కూర్చుని రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. తలుపు అవతల లీలారాణి చాలాసేపు నిలబడింది. లోపలికి రావడానికి లేదు. తలుపు మీద అరచెయ్యి ఆనించి ఉంచిందని తర్వాత ప్రెయిస్ చెప్పింది.

పనిలోకి తిరిగి వెళ్లాక తిన్నగా పదకొండో గదికి వెళ్లాడు. ఊనాకి జబ్బు సోకలేదు. ఆయన పక్కన నేను లేను, నా గుర్తు ఉంది, ఇది మోసం కాదా మేడం అని అడిగాడు. ఆవిడ మామూలుగా దేనికైనా టక్కున జవాబు చెప్పే మనిషి. ఆ రోజు ముఖం పక్కకి తిప్పి అతన్ని చూసింది.

"నాకు తెలీదు," అంది. "ఎంత తక్కువ గీస్తే అంతమందికి సరిపోతుందని ముప్పై ఏళ్లు క్లాసులో గొప్పగా చెప్పాను. పోస్టర్ల గురించి చెప్పాను. చావు దగ్గర అది మంచిదో కాదో నన్ను ఏ విద్యార్థీ అడగలేదు."

జూలైలో మాట్ కూతురు షీలా వచ్చింది, తండ్రి సామాన్లు తీసుకెళ్లడానికి. కార్ పార్కులో, రెండు మీటర్ల దూరంలో నిలబడి మాట్లాడుకోవాలి. చివరి వారంలో ఒకరోజు ఫోన్‌లో వాళ్ల నాన్న, "డాస్ ఇక్కడే ఉన్నాడు," అన్నాడట. ఆ మాట పట్టుకునే తను ఈ రెండు నెలలూ నెట్టుకొచ్చానంది. నువ్వు పక్కనున్నావని తెలిసి నిద్రపోగలిగాను అంది. చేతులు జోడించడం ఎక్కడ నేర్చుకుందో, అతనికి జోడించింది.

ఆ దండం తీసుకుని ఊరుకుంటే సరిపోయేది. ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు. ఏసుదాసు నోరు విప్పాడు.

"నేను లేను. నాకు జబ్బు చేసి ఇంట్లో ఉన్నా. నా గుర్తు పెట్టుకుని వేరే అమ్మాయి చూసుకుంది. ఆయన నేననుకున్నాడు."

ఈ మాట నాకెందుకు చెప్పావు అంది షీలా. గొంతు పెంచలేదు. సామాన్ల పెట్టె ఎత్తుకుని వెళ్లి కారులో కూర్చుంది. కారు కదల్లేదు. ఏసుదాసు అక్కడే నిలబడ్డాడు, వెళ్లాలో ఉండాలో తెలియక. వాన తుంపర మొదలైంది. పది నిమిషాలకి ఆమె అద్దం దించింది.

"ఆ అమ్మాయి ఇవాళ డ్యూటీలో ఉందా?"

ప్రిస్కిల్లాని పిలుచుకొచ్చి తను లోపలికి వెళ్లిపోయాడు. కిటికీలోంచి చూస్తే, గొడుగుల కింద ఇద్దరూ దూరందూరంగా నిలబడి ఉన్నారు. ప్రిస్కిల్లా చేతులతో ఏదో చూపిస్తూ చెబుతోంది. అరగంట సేపు అలాగే ఉన్నారు. ఏం మాట్లాడుకున్నారో అతను ఎప్పుడూ అడగలేదు.

ఆ తర్వాత నోరీన్‌తో మాట్లాడి ఒక పద్ధతి పెట్టించాడు. ఒకరి గుర్తు ఇంకొకరు పెట్టుకోవాల్సి వస్తే ఆ కుటుంబానికి ముందే చెప్పాలి. కొందరు ఇదెందుకన్నారు. అతను పట్టుబట్టాడు.

2021లో టీకాలు వచ్చి, అన్నాళ్లూ కిటికీ అవతల నుంచే చూసి వెళ్లిన చుట్టాలు లోపలికి రావడం మొదలయ్యాక, నోరీన్ అతనికి వారంలో రెండు రోజులు కొత్త పని ఇచ్చింది. ముసలివాళ్లకి దారి తెలిసేలా తలుపులూ గోడలూ చూడాలి. గుమ్మం దగ్గరున్న నల్ల చాపని కొందరు దాటలేక ఆగిపోతున్నారు. వాళ్ల కంటికది గొయ్యిలా కనిపిస్తోందని అతను కనిపెట్టి, నేల రంగుదే వేయించాడు. బాత్రూమ్ తలుపులన్నిటికీ ముదురు నీలం పూశాడు. ఊనా వీల్‌చెయిర్‌లో వచ్చి, పక్కచూపుతో చూసి, నీలం బాగుందంది.

మర్నాడు కొత్తగా చేరిన ఒక ముసలావిడ గదిలోంచి బయటికి వచ్చింది. ఏసుదాసు హాలు చివర నిలబడి చూశాడు. ఆవిడ నీలం తలుపు చూసింది, తిన్నగా దాని దగ్గరికే నడిచింది, తీసింది, దుప్పట్ల మధ్య నిలబడిపోయింది. అది బాత్రూమ్ కాదు, పక్కనున్న దుప్పట్ల అలమర. ఇక్కడివాళ్లు దాన్ని ప్రెస్ అంటారు. దాని తలుపుది పాత నీలం. రెండూ ఒక్క కుటుంబంలా కలిసిపోయాయని అతనికి తట్టనే లేదు.

ఆవిడ చెయ్యి పట్టుకుని పక్క తలుపు దాకా నడిపించాడు. తర్వాత భోజనం కూడా మానేసి గోడ రంగు డబ్బా తెచ్చాడు. ప్రెస్ తలుపుకీ, దాని చట్రానికీ, పిడికీ అంతా గోడ రంగే పూశాడు, కంటికి అక్కడ తలుపున్నట్టే తెలియకుండా. మూడు దూరాల నుంచి చూసుకున్నాడు. ఇంకో పూత వేశాడు.

సాయంత్రం ప్రిస్కిల్లా చేతినిండా ఉతికిన దుప్పట్లతో హాల్లో ఒకసారి అటూ, ఒకసారి ఇటూ నడిచి, మధ్యలో ఆగిపోయింది. "అన్నా, ప్రెస్ ఎక్కడికి పోయిందండి?" అని అడిగింది. ఏసుదాసు వచ్చి, గోడ మీద అరచేత్తో తడుముతూ పిడి కోసం వెతికాడు. రంగు ఇంకా ఆరలేదు.